కాలువ కట్టేసిన 52 రోజులు: వంతెన, మంచినీళ్ల లైను, మురుగు లైను పని డైరీ

1వ రోజు

రాత్రి కాలువ కాపలా చూసే లస్కరు బాబాయ్ ఫోన్ చేసి "పైన తలుపులు దించేశారంట బాబూ, రేపు ఈపాటికి మన దగ్గర బురదే" అన్నాడు. పొద్దున్నే వెళ్లి చూస్తే నిజంగానే రేవులో నాలుగు మెట్లు బయటపడ్డాయి, మొన్నటిదాకా రెండే కనపడేవి. ఇక ఈరోజు నుంచి లెక్క మొదలు.

మాది గోదావరి పశ్చిమ డెల్టాలో శివారు ఊరు, జనం ఒక 20 వేలు ఉంటారు, నేను ఇక్కడ మున్సిపాలిటీలో ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజనీర్‌ని. కాలువలో నీళ్లున్నంత కాలం వంతెన దగ్గర పైపై పనులే అవుతాయి, దాళ్వా (రెండో పంట) కోతలకి నీళ్లు ఆపాక మళ్లీ సార్వా (వానాకాలం పంట) నారుమళ్లకి వదిలేదాకా ఉండే ఆ యాభై చిల్లర రోజుల్లోనే అసలు పని అవ్వాలి, అందులో ఒక్క వారం జారిపోయినా ఇంకో ఏడాది ఆగాల్సిందే.

కాలువలో నీళ్లు ఆగిన ఈ రోజుల్లో మేం చేయాల్సినవి మూడున్నాయి. పాత వంతెన పక్కనే 15 మీటర్ల ఒకే స్పాన్‌తో కొత్త వంతెన. పాత వంతెనకి వేలాడుతున్న మంచినీళ్ల పైపు తీసేసి కొత్తదాని మీదుగా 200 ఎంఎం డీఐ (డక్టైల్ ఇనుము) లైను. మూడోది మార్కెట్ వీధి మురుగు కాలువలో కలవకుండా గట్టు వెంబడే 300 మీటర్ల మురుగు లైను, చివర్లో ఒక సంపు, అంటే మురుగు చేరే తొట్టి. పైల్స్, అంటే వంతెనని మోసే కాంక్రీటు స్తంభాలు, మటుకు మార్చిలోపే గట్టు మీద నుంచి దింపేశాం, అటు నాలుగు ఇటు నాలుగు, ఒక్కోటి 22 మీటర్లు.

పాత వంతెన గురించి ఒక మాట. ఇటుకా సున్నంతో కట్టిన ఆర్చి, మధ్యలో బాగా ఎత్తుగా ఉంటుంది, ఎక్కుతుంటే అవతల నుంచి వచ్చే బండి కనపడదు. ఆ ఎత్తు ఎందుకంటే కింద నుంచి పడవలు పోవాలి కాబట్టి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాక తవ్విన ఈ కాలువలు సాగుకి ఎంతో సరుకు రవాణాకీ అంతే, లాకులన్నీ అందుకే కట్టారు. ఇప్పుడు పడవలు లేవు గానీ ఆ వంతెన మీద ధాన్యం లోడు ట్రాక్టర్లు ఒక్కొక్కటే వెళ్లాలి, కోతలప్పుడు అటూ ఇటూ అరగంట లైను. మూడేళ్ల నుంచి ఆర్చి నడినెత్తిన పగులుంది, ప్రతి వానాకాలం ముందు దానికి అడ్డంగా సిమెంటు ముద్ద పెట్టి అది విరిగిందో లేదో చూస్తున్నాను, పోయిన ఏడాది విరిగింది.

3వ రోజు

కాలువ అడుగు కనపడింది. చూడబుద్ధి కాలేదు. మార్కెట్ వైపు గట్టులోంచి 11 పైపులు నేరుగా కాలువలోకి తెరుచుకుని ఉన్నాయి, నీళ్లున్నన్నాళ్లూ ఇవి కనపడవు, ఎనిమిది నాకు తెలుసు, మూడు తెలియదు. ఇదే కాలువ మనకి దిగువనున్న నాలుగు ఊళ్లకి మంచినీళ్ల చెరువు నింపుతుంది. అందుకే ఈ మూడు పనుల్లో నాకు మురుగు లైను మీదే ఎక్కువ మమకారం, వంతెనకైతే ప్రారంభోత్సవం ఉంటుంది, దీనికి ఉండదు.

మన చెరువు నిండుగా ఉంది, కాలువ కట్టేముందే నింపుకున్నాం. 1999 నాటి మంచినీళ్ల మాన్యువల్ ప్రకారం మురుగు లైను లేని ఊరికి మనిషికి రోజుకి 70 లీటర్లు, ఉన్న ఊరికి 135. మనకి ఇంకా లేదు కాబట్టి 20 వేల మందికి రోజుకి 14 లక్షల లీటర్లు, 55 రోజులకి 7 కోట్ల 70 లక్షల లీటర్లు, పైన ఎండకి ఆవిరయ్యేది వేరే. కాంట్రాక్టర్ మనిషి కాంక్రీటు తడపడానికి (క్యూరింగ్‌కి) ఆ చెరువు నీళ్లు అడిగితే కుదరదని చెప్పేశాను, బోరు నీళ్లు లాబ్‌లో చూపించి ఉప్పు తక్కువున్న బోరు నుంచే ట్యాంకర్లతో తెప్పించమన్నాను. మా వైపు చాలా బోర్లు ఉప్పే, ఆ నీళ్లతో కాంక్రీటు తడిపితే లోపల ఊచలు తుప్పు పట్టేస్తాయి.

6వ రోజు

పైల్ తలలు కొట్టిస్తున్నాం. మా మట్టిలో పైల్ వేసేటప్పుడు బొరియ కూలకుండా బెంటొనైట్ అనే బంకమట్టి బురద నింపి, ట్రెమీ గొట్టం అడుగుదాకా దింపి, కాంక్రీటు కింద నుంచి పైకి వచ్చేలా పోస్తారు, కాంక్రీటు లేచేకొద్దీ బురదని పైకి నెట్టుకుంటూ వస్తుంది, అందుకే పైన వచ్చే మూడు నాలుగు అడుగులు బురద కలిసిన చెత్త కాంక్రీటు, దాన్ని కొట్టేసి గట్టిది కనపడ్డాకే క్యాప్, అంటే పైల్స్‌ని పైన కలిపే కాంక్రీటు దిమ్మ, వేయాలి. తూర్పు వైపు మూడో పైల్ దగ్గర కటాఫ్ లెవెల్ (పైల్ తల ఆపాల్సిన ఎత్తు) వచ్చినా సుత్తి దెబ్బకి ఖంగున మోగట్లేదు, దబ్ దబ్‌మంటోంది, గోరుతో గీస్తే పొడి రాలుతోంది. మేస్త్రీ "ఇంకాస్త కొడితే ఊచలు వదులైపోతాయి సార్, క్యాప్‌లో కలిసిపోతుందిలెండి" అన్నాడు. లేదు, కొట్టాలి అన్నాను. ఇంకో 40 సెంటీమీటర్లు కిందకి వెళ్లాక కంకర విరిగే కాంక్రీటు వచ్చింది, అంటే సుత్తితో కొడితే సిమెంటు ఊడిపోయి కంకర బయటపడకుండా కంకర రాయే రెండు ముక్కలైంది, అది చూశాకే ఆపాను. ఆ 40 సెంటీమీటర్లూ మంచి కాంక్రీటుతో మళ్లీ కట్టుకుని క్యాప్ లెవెల్‌కి రావాలి. ఒక రోజు పోయింది, పోనీ.

11వ రోజు

ఈరోజు కొంచెం వివరంగా రాస్తాను, మర్చిపోకూడని రోజు ఇది.

రెండు క్యాపుల్లో ఒకటి మొన్న పడింది, ఇంకోదానికి కంబీ (ఊచలు) కడుతున్నారు. ఈలోపు పడమటి గట్టు మీద కొత్త డీఐ లైను పాత లైనుకి కలిపే చోటు వెతకడానికి గొయ్యి తవ్వించాను. పాత డ్రాయింగ్‌లో పైపు రోడ్డు మధ్య నుంచి 2 మీటర్ల అవతల ఉన్నట్టు ఉంది, అక్కడ తవ్వితే ఏమీ లేదు, ఇంకో మీటరు జరిగాం, లేదు. వాల్వులు తిప్పే టర్న్‌కాక్‌గా చేసిన తాత, రిటైరై ఆరేళ్లయింది, అటుగా వెళ్తూ ఆగి "అక్కడెందుకుంటుంది బాబూ, డ్రైన్‌లో చూడండి" అన్నాడు. డ్రైన్ పలక ఎత్తించాం. నల్లటి నీళ్లు, ఆ నీళ్లలో సగం మునిగి పాత ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంటు) పైపు, 150 ఎంఎం. మంచినీళ్ల పైపు మురుగు డ్రైన్ లోపల నుంచి పోతోంది, 180 మీటర్లు, వీధి చివరిదాకా.

ఒక జాయింటు దగ్గర కూర్చుని చేత్తో బురద తుడిచి చూశాను. కాలర్ చుట్టూ సైకిల్ ట్యూబు చుట్టి, దాని మీద సిమెంటు పూశారు, సిమెంటు సగం ఊడిపోయింది, ట్యూబు చివర నీళ్లలో ఊగుతోంది. అప్పుడు సప్లై టైము కాదు కాబట్టి పైపు ఖాళీ. నేను చూస్తుండగానే ఆ ట్యూబు సందులోకి నల్లనీళ్లు సన్నగా లోపలికి వెళ్తున్నాయి.

ఈ సంగతి ఊళ్లో ఎవరికి చెప్పినా "పైపులో ప్రెషర్ ఉంటుంది కదండీ, లీకుంటే నీళ్లు బయటకి వస్తాయి గానీ లోపలికెలా పోతాయి" అంటారు. 24 గంటలూ నీళ్లుండే ఊళ్లో ఆ మాట నిజం. మన దగ్గర పొద్దున గంట, సాయంత్రం గంట. మిగిలిన 22 గంటలు పైపు ఖాళీగా ఉంటుంది, వాల్వు కట్టగానే పల్లంలో ఉన్న ఇళ్లవాళ్లు మోటార్లతో లాగేస్తే లోపల గాలి తగ్గి పీల్చుకుంటుంది, చుట్టూ ఏముంటే అదే లోపలికి, మర్నాడు పొద్దున వాల్వు తిప్పగానే ముందు వచ్చే రెండు బిందెలూ అవే. ఈ వీధిలో ఏటా తొలి వానలకి పిల్లలకి విరేచనాలు పట్టుకుంటాయి, ఆశా వర్కరు అమ్మాయి రిజిస్టర్‌లో ఈ వీధి పేరే ఎక్కువసార్లు ఉంటుంది. ప్రతిసారీ మేం బ్లీచింగ్ చల్లి వచ్చేవాళ్లం, పలక ఎత్తి చూడలేదు. 2018 మార్చిలో గుంటూరులో మంచినీళ్ల లైన్లలో మురుగు కలిసి అతిసారంతో మనుషులు చనిపోయారు, ఆ వార్తలు చదివినప్పుడు మన ఊళ్లో ఇలాంటిది లేదులే అనుకున్నాను.

రూలు చాలా సులువైనది. మంచినీళ్ల పైపుకీ మురుగు పైపుకీ మధ్య పక్కకి 3 మీటర్లు ఎడం ఉండాలి, వీధి ఇరుకై కుదరకపోతే మంచినీళ్ల పైపు అడుగు మురుగు పైపు నెత్తి కంటే కనీసం అర మీటరు పైన ఉండాలి. ఈ ఒక్కటి పాటిస్తే చాలా జబ్బులు ఆగుతాయి.

12వ రోజు

మా పైఅధికారి డీఈ గారికి ఫొటోలు చూపించాను. "అంచనాలో లేదు కదయ్యా" అన్నారు, నిజమే, లేదు. సైట్‌కి రమ్మని తీసుకెళ్లి పలక ఎత్తించాను, చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "సప్లిమెంటరీ ఎస్టిమేట్ రాయి, ఈ రాత్రికే రాయి" అన్నారు. 180 మీటర్లకి 110 ఎంఎం హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపు, ఇళ్లకి 46 కనెక్షన్లు మార్చాలి, రోడ్డు కోతా మళ్లీ పూడ్చడమూ. రాశాను. శాంక్షన్ వచ్చేదాకా ఆ ఏసీ లైను వాల్వు కట్టేయించి వీధికి ట్యాంకర్లు పెట్టాం. జనం తిట్టుకున్నారు, ఒక మామ్మగారు "ఇన్నేళ్లు తాగాం, ఇప్పుడేమొచ్చింది నాయనా" అంది. ఆవిడని చేయి పట్టుకుని డ్రైన్ దగ్గరకి తీసుకెళ్లి చూపించాను. ఆ తర్వాత వీధిలో వాళ్లకి ఆవిడే చెప్పింది.

17వ రోజు

మురుగు లైనులో నాలుగో మ్యాన్‌హోల్ దాకా అయింది. డెల్టాలో మురుగు లైను వేయడం అంటే లెవెల్‌తో యుద్ధమే. ఊరంతా పళ్లెంలా చదును, మురుగేమో పంపు లేకుండా దానంతటది నడవాలి, నడవడం అంటే ఏదో కదలడం కాదు, సెకనుకి కనీసం 0.6 మీటర్లు పోతేనే ఇసుకా మడ్డీ అడుగున కూర్చోకుండా కొట్టుకుపోతాయి. 300 ఎంఎం హ్యూమ్ (సిమెంటు) పైపుకి మేం పెట్టుకున్నది 300కి 1, అంటే మ్యాన్‌హోల్‌కీ మ్యాన్‌హోల్‌కీ ఉన్న 30 మీటర్లలో 10 సెంటీమీటర్లు వాలు. 300 మీటర్ల లైను చివరికి వచ్చేసరికి మొదటి చోటు కంటే మీటరు లోతు ఎక్కువ. మామూలు రోజుల్లో మా గట్టు దగ్గర నాలుగడుగులు తవ్వితే ఊట, కాలువ కట్టాక ఆ ఊట కూడా దిగింది కాబట్టి ఇప్పుడు తవ్వగలుగుతున్నాం, అందుకే ఇదీ ఈ 50 రోజుల్లోనే అయిపోవాలి.

పొద్దున మూడో మ్యాన్‌హోల్‌కీ నాలుగోదానికీ మధ్య పైపులు పరిచేశారు, పూడ్చడానికి రెడీ. ఎత్తులు చూసే ఆటో లెవెల్ మిషన్ పెట్టి ప్రతి పైపు జాయింటు దగ్గరా స్టాఫ్ (కొలత కర్ర) పట్టించాను. మొదటివి అయిదూ బాగానే దిగుతూ వచ్చాయి, ఆరో దగ్గర రీడింగ్ 2 సెంటీమీటర్లు తేడా, పైపు దిగాల్సింది పోయి లేచింది. మళ్లీ చూశాను, అదే. మేస్త్రీ పెద్దవాడు, పనిమంతుడు, "రెండు సెంటీమీటర్లేగా బాబూ, నీళ్లు తోసుకుని పోతాయి" అన్నాడు. నీళ్లు తోసుకుపోతాయి బాబాయ్, నీళ్ల కింద ఉన్న మడ్డి పోదు, ఆ ఎగుడు ముందు రోజూ కొంచెం కొంచెం ఆగుతుంది, రెండేళ్లకి సగం పైపు మూసుకుపోతుంది, అప్పుడు ఈ రోడ్డు తవ్వి చూసేవాడికి ఇది ఎందుకు మూసుకుపోయిందో కూడా తెలియదు అన్నాను. ఒక్క నిమిషం పైపు వంక చూసి "ఎత్తండ్రా" అన్నాడు. ఆరు, ఏడు, ఎనిమిది ఎత్తి, కింద ఉబ్బిన నల్లమట్టి తీసి, ఇసుక పరిచి మట్టసం చేసి మళ్లీ దింపారు. సాయంత్రం 6 అయింది. దీపం వెలుగులో నాలుగో మ్యాన్‌హోల్ నుంచి మూడోదాని వైపు చూస్తే అవతలి లైటు గుండ్రంగా, పూర్తిగా కనపడింది. పైపు వంకరపోతే ఆ గుండ్రం చంద్రవంక అవుతుంది, లెవెల్ మిషన్ లేని రోజుల నుంచీ ఇదే పరీక్ష.

ట్రెంచి మీటరున్నర దాటిన దగ్గర్నుంచి పలకలూ సరుగుడు బాదులూ అడ్డం పెట్టించకుండా మనిషిని దిగనివ్వట్లేదు. కోడ్‌లోనూ అంతే. నల్లమట్టి పొద్దున గోడలా నిలబడి ఉంటుంది, మధ్యాహ్నం ఎండకి బీట తీసి ఒక్కసారిగా జారుతుంది, జారేముందు చెప్పదు.

19వ రోజు

తూర్పు అబట్‌మెంట్, అంటే వంతెన కొసని మోసే గోడ, కాంక్రీటు అయింది. పడమటిది నాలుగు రోజుల్లో. కాలువ అడుగున స్టేజింగ్, అంటే స్లాబు గట్టిపడేదాకా కింద మోసే బాదులు, మొదలుపెట్టారు, బురద మీద బాదులు దిగిపోకుండా ముందు గ్రావెల్ పరిచి రోలర్ తిప్పి దాని మీద చెక్క దిమ్మలు వేశాం.

24వ రోజు

మార్కెట్ మరుగుదొడ్ల సెప్టిక్ ట్యాంకు అవుట్‌లెట్ కొత్త లైనుకి కలపాలి. ట్యాంకు లోపల గోడకి ఉన్న పాత గొట్టం ఊడదీయాలి. నేను బ్యాంకు పనిమీద వెళ్లి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చేసరికి మూత తెరిచి ఉంది, ఒక కుర్రాడు చొక్కా విప్పి తాడు నడుముకి కట్టుకుంటున్నాడు. పాతికేళ్లు కూడా ఉండవు. దగ్గరికి పరిగెత్తి చేయి పట్టుకుని పక్కకి లాగాను, నా గొంతు వణికింది, అందరూ నా వంకే చూశారు.

తర్వాత కూర్చోబెట్టి చెప్పాను. లోపల ఉండే గ్యాసు కుళ్లిన కోడిగుడ్డు వాసనొస్తుంది, మనం వాసన తగ్గిందని దిగుతాం, కానీ గ్యాసు బాగా ఎక్కువైనప్పుడే ముక్కు మొద్దుబారి వాసన తెలియకుండా పోతుంది, అది గాలి కంటే బరువు కాబట్టి అడుగునే ఉంటుంది, దిగినవాడు రెండు ఊపిర్లకి పడిపోతాడు, వాడిని తీయడానికి దిగిన ఇంకొకడూ పడిపోతాడు, ఇలాంటి వార్తల్లో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఉండేది అందుకే. చట్టం 2013లోనే వచ్చింది, రక్షణ సామాన్లు లేకుండా మనిషిని మురుగులోకి, సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. చనిపోతే కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు అంది, 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. బెజవాడ విల్సన్ గారు ఇన్నేళ్లుగా దేశమంతా తిరిగి అడుగుతున్నది ఇదే, 2016లో ఆయనకి మెగసెసే ఇచ్చారు, అయినా నా సైట్‌లో, నా కళ్ల ముందు, ఒక కుర్రాడు తాడు కట్టుకుంటున్నాడు. ఇది నేను లేనప్పుడు కూడా జరగకూడదు, ఆ ఏర్పాటు నాదే. ఇకమీదట మూతలకి తాళం, తాళంచెవి నా దగ్గరా వర్క్ ఇన్‌స్పెక్టర్ దగ్గరా మటుకే.

సక్షన్ బండి పిలిపించి ట్యాంకు ఖాళీ చేయించి, అవుట్‌లెట్ బయట గోడ వైపు నుంచి తవ్వి కోసి కలిపాం. ఖర్చు ఎక్కువైంది, టైము ఒకటిన్నర రోజు పట్టింది. ఎవరూ లోపలికి దిగలేదు.

30వ రోజు, తెల్లారితే 31

డెక్ స్లాబు. బీములతో కలిపి 48 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు, ప్లాంటు 30 కిలోమీటర్ల దూరం, ఒక్కో లారీలో 6, మొత్తం ఎనిమిది లారీలు. మే నెలలో పగలు వేసే ప్రసక్తే లేదు, పోసేటప్పుడు కాంక్రీటు 40 డిగ్రీలు దాటకూడదు, మధ్యాహ్నం సెంట్రింగ్ రేకుల మీద చేయి పెడితే కాలింది. రాత్రి 9కి మొదలుపెడదాం అనుకున్నాం, మొదటి లారీ 10:20కి వచ్చింది.

సాయంత్రమంతా నేను చేసిన పని ఒక్కటే, స్లాబు కంబీ మీద మోకాళ్ల మీద కూర్చుని ఊచల్ని రేకు మీద నుంచి ఎత్తిపెట్టే కవర్ బ్లాకులు ఒక్కోటీ చూడటం. బ్లాకు పక్కకి జరిగితే ఊచ రేకుని ఆనుకుంటుంది, కింద కాంక్రీటు పొర లేకుండా పోతుంది, కాలువ మీద తేమకి పదేళ్లలో తుప్పు, ఆ తుప్పు ఉబ్బి పెచ్చులు రాలడం మొదలు. జరిగినవి 14 కనపడ్డాయి, సరిచేయించాను. నీళ్లు పోయే స్పౌట్ గొట్టాల నోట్లో గోనెపట్టా కుక్కించాం, లేకపోతే కాంక్రీటు నిండి మూసుకుపోతాయి.

మొదటి రెండు లారీలూ స్లంప్, అంటే కోన్‌లో నింపి ఎత్తితే కాంక్రీటు జారే కొలత, బాగానే వచ్చింది. మూడో లారీ రైల్వే గేటు దగ్గర ఆగిపోయి ఆలస్యంగా వచ్చింది, కోన్ ఎత్తితే కుప్ప కదల్లేదు, అలాగే నిలబడింది. డ్రైవర్ నీళ్లు కొడతాను అన్నాడు. కొట్టొద్దు అన్నాను. నీళ్లు కొడితే పోయడానికి వీలుగానే ఉంటుంది, బలం పోతుంది, ఆ విషయం ఇరవై ఎనిమిది రోజుల దాకా ఎవరికీ తెలియదు. ప్లాంటు వాళ్లతో మాట్లాడి వాళ్ల కెమిస్టు చెప్పిన మోతాదులో అడ్మిక్స్చర్ (కాంక్రీటు జారేలా చేసే రసాయనం) కలిపించి డ్రమ్ము బాగా తిప్పించి మళ్లీ కోన్ పెట్టాం, జారింది, అప్పుడు పోశాం. ఇదంతా 25 నిమిషాలు, ఈలోపు ముందు పోసిన అంచు గట్టిపడకుండా వైబ్రేటర్ కుర్రాళ్లు ఇద్దరూ దాన్ని కనిపెట్టుకుని నిలబడ్డారు. నీడిల్ నిలువుగా దింపి, గాలి బుడగలు ఆగేదాకా ఉంచి, నెమ్మదిగా లాగడం, ఆ ఇద్దరూ రాత్రంతా ఒక్కసారి కూడా తొందరపడలేదు.

తెల్లవారుజాము 4:40కి చివరి లారీ ఖాళీ అయింది. బలం పరీక్షకి నాలుగు శాంపిల్స్ క్యూబులు పోసి తడి గోనెలు కప్పాం. ఎండ ఎక్కేలోపు స్లాబు మీద మట్టి గట్లు కట్టి నీళ్లు నిలబెట్టారు, మడి కట్టినట్టే. పడమటి వీధి మామ్మగారు అంతమందికీ టీ పంపింది.

38వ రోజు

7 రోజుల క్యూబులు కాలేజీ లాబ్‌లో పగలగొట్టించాం. ఎం30 అంటే 28 రోజులకి చదరపు మిల్లీమీటరుకి 30 న్యూటన్లు, 150 ఎంఎం క్యూబుకి లెక్కేస్తే మిషన్ ముల్లు 675 కిలోన్యూటన్లు దాటాలి. 7 రోజులకి అన్నీ 500 పైనే పగిలాయి. మూడో లారీ క్యూబు ఎంత వస్తుందో అని రాత్రి నిద్ర పట్టలేదు, అదీ మిగతావాటితో సమానంగానే వచ్చింది.

పడమటి వీధి సప్లిమెంటరీ శాంక్షన్ కూడా ఈరోజే వచ్చింది.

42వ రోజు

డీఐ లైను ప్రెషర్ టెస్టు ఫెయిలైంది. మా ఓవర్‌హెడ్ ట్యాంకు ఎత్తుకి లైన్లో వచ్చేది చదరపు సెంటీమీటరుకి 2 కేజీల లోపే, అగ్రిమెంట్‌లో టెస్టు 6 కేజీలకి. పంపు కొడితే 6కి ఎక్కింది, పది నిమిషాల్లో 4కి దిగింది. వంతెన మీద బ్రాకెట్ల దగ్గర అంతా పొడిగానే ఉంది, తూర్పు దిగుడులో మట్టి చెమ్మగా కనపడింది. తవ్వి జాయింటు విప్పితే సాకెట్ గాడిలో చిటికెడు ఇసుక, దాని మీద రబ్బరు రింగు ఒకచోట మడతపడింది.

ఫిట్టర్‌ని కూర్చోబెట్టి మొదటినుంచీ చేయించాను. సాకెట్ లోపల పొడిగుడ్డతో తుడిచి, వేలు గాడి చుట్టూ తిప్పి గరుకు తగలకుండా చూసి, రింగుని గుండెకాయ ఆకారంలో వంచి లోపల పెట్టి, నొక్కుతూ చుట్టూ సర్ది, సబ్బు లూబ్రికెంట్ రింగుకీ అవతలి పైపు కొసకీ రాసి, రెండు పైపులూ ఒకే వరసలో పెట్టి, చెక్క అడ్డం పెట్టి గడ్డపారతో సమంగా నెట్టి, పైపు మీది తెల్లగీత దాకా లోపలికి పోయిందా చూడాలి. మొత్తం నాలుగు నిమిషాల పని. వంపుల దగ్గర నీళ్ల తోపుకి పైపు కదలకుండా ఆపే థ్రస్ట్ బ్లాకులు, వంతెన మీద పైపు అన్నిటికంటే ఎత్తుగా ఉండే చోట ఎయిర్ వాల్వు, ఈ రెండూ కూడా మళ్లీ చూసుకున్నాం, ఎత్తులో గాలి చిక్కుకుంటే తూర్పు వీధికి సగం నీళ్లే వస్తాయి. సాయంత్రం మళ్లీ 6 కేజీలు. రెండు గంటలు ముల్లు కదల్లేదు.

47వ రోజు

గుండె జారిన రోజు. వర్షాలు ముందే వస్తాయని, రైతులు అడుగుతున్నారని, కాలువలకి 50వ రోజే నీళ్లు వదులుతారని కబురు. ఆరు మీటర్లు దాటిన బీము కింద ఆధారాలు 21 రోజులు ఉంచాలని కోడ్, మా స్లాబుకి 21 నిండేది 52న. కాలువ నిండా సరుగుడు బాదులు, అవి ఉండగా నీళ్లొస్తే నీళ్లకీ అడ్డమే, బాదులు కొట్టుకుపోతే స్లాబుకీ ముప్పే. ఒకరిద్దరు "14 రోజులు దాటింది కదా సార్, తీసేద్దాం" అన్నారు. రైతులది అడగాల్సిన మాటే, నారుమడి ఆలస్యమైతే సార్వా కోత తుఫాన్ల నెలలో పడుతుంది, మా నాన్న కూడా రైతే.

లస్కరు బాబాయ్‌ని అడిగితే ఆయన తాపీగా "పైన 50న వదిలినా మన శివారుకి రావడానికి రెండు రోజులు పడుతుంది బాబూ, ఎండిన కాలువ ముందు తాగుద్ది కదా, ప్రతేడూ మనకి చివర్నే కదా" అన్నాడు. ఏటా మేం మొత్తుకునే శివారు కష్టమే ఈసారి మాకు రెండు రోజులిచ్చింది. ఇరిగేషన్ ఏఈ గారితో కూడా మాట్లాడాను, మా పైన ఉన్న లాకు దగ్గర నీళ్లు ఎప్పుడు దాటితే అప్పుడు నాకు ఫోన్ చేయిస్తానన్నారు.

52వ రోజు

తెల్లవారుజాము 3కి ఫోన్, లాకు దాటింది. నాలుగింటికి మొదలుపెట్టాం. మధ్యలోంచి మొదలుపెట్టి రెండు కొసల వైపూ వెళ్తూ వదులు చేయాలి, కొసల నుంచి మొదలుపెడితే బరువంతా ఒక్కసారిగా మధ్య బాదుల మీద పడుతుంది. ముందే బీము కింద మధ్యలో స్టాఫ్ రీడింగ్ తీసి పెట్టుకున్నాను. బాదుల్ని బిగించిన ఒక్కో చెక్క చీలికా సుత్తితో తడుతూ వదులుతున్నారు, ఎవరూ మాట్లాడట్లేదు. ఆఖరి బాదు వదిలాక మళ్లీ రీడింగ్ తీశాను, 4 మిల్లీమీటర్లు దిగింది, డిజైన్‌లో చూపించినదానిలోపే.

బాదులూ రేకులూ దిమ్మలూ గట్టెక్కించేసరికి 10 దాటింది. అడుగున పరిచిన గ్రావెల్ కూడా తీయించాను, అది వదిలేస్తే నీళ్లకి అడ్డం. 11:30కి వంపు దగ్గర ముందు ఎండుటాకులు, నురగ, చెత్త నెట్టుకుంటూ బురదనీళ్లు ఒక జానెడు ఎత్తున నడుచుకుంటూ వచ్చాయి. మేస్త్రీ బాబాయ్ చెప్పులు విప్పి కాలువకి దణ్ణం పెట్టాడు. మార్కెట్ వైపు 11 పైపుల్లో తొమ్మిది కొత్త లైనుకి కలిశాయి. రెండు మిగిలాయి, ఆ రెండూ లెవెల్ తక్కువ, వాటికి చిన్న సంపు వేరే కావాలి, దానికి ఎస్టిమేట్ రాస్తున్నాను.

61వ రోజు

28 రోజుల క్యూబులు అన్నీ 675 దాటాయి. అప్రోచ్ మట్టి 20 సెంటీమీటర్ల పొరలుగా పోసి రోలర్ తిప్పుతున్నారు, తారు వేశాకే బండ్లు.

పడమటి వీధి హెచ్‌డీపీఈ లైనులో మొన్న బ్లీచింగ్ నీళ్లు నింపి ఒక రోజంతా ఉంచి, నిన్న కడిగి, ఈరోజు పొద్దున సప్లై ఇచ్చాం. పైపు ఇప్పుడు డ్రైన్‌కి అవతలి అంచున, రోడ్డు కింద, డ్రైన్ అడుగు కంటే ముప్పావు మీటరు పైన. ఏసీ పైపు రెండు కొసలా కోసి సిమెంటుతో మూసేశాం, ఎవరూ మళ్లీ దాన్ని వాడకుండా. కొత్త లైను ఎక్కడుందో ప్రతి ఇంటి గోడ నుంచి కొలత వేసి డ్రాయింగ్ గీసి మూడు కాపీలు తీశాను, ఒకటి ఆఫీసుకి, ఒకటి పంప్‌హౌస్‌లో గోడకి, ఒకటి ఇప్పటి టర్న్‌కాక్ కుర్రాడికి.

6:10కి వీధి చివరింటి కుళాయి దగ్గర క్లోరోస్కోప్ (నీళ్లలో మిగిలిన క్లోరిన్ చూసేది) గొట్టం పట్టాను. మామ్మగారిదే ఆ ఇల్లు. అయిదు చుక్కల ఆర్థోటోలిడిన్ మందు వేసి ఊపితే లేత పసుపు వచ్చింది, పక్క గడిలోని రంగుతో పెట్టి చూస్తే లీటరుకి 0.2 మిల్లీగ్రాములు. చివరి కుళాయి దగ్గర ఉండాల్సింది అంతే. "పచ్చగా ఉంది, ఇదేనా మంచిది?" అని అడిగింది మామ్మగారు. ఇదే మామ్మగారూ అన్నాను. బిందె కింద పెట్టి నీళ్లు పట్టుకుంది.